అక్క గీతలోని వణుకు

ఈ సాయంత్రం ఐదింటికి శ్రావణి రోజంతా టాబ్లెట్‌లో బొమ్మ మీద వేసిన ఇంకునంతా చెరిపేసింది. ఆమె మా హామిల్టన్ ఇంటి బేస్‌మెంట్‌లో మరో ముగ్గురు స్టూడెంట్లతో ఉంటూ యానిమేషన్ చదువుతోంది. వరంగల్‌లో వాళ్ల అక్క పెన్సిల్‌తో గీస్తే, ఈమె ఆ కాగితం మీదే ఇంకు వేసేది. కిందటేడాది అక్క చనిపోయింది. అక్క గీసినవాటిలో ఇంకు పడని చివరి బొమ్మ ఇదే. కాలేజీ డిజిటల్ ఫైల్ మాత్రమే తీసుకుంటుంది కాబట్టి దాన్ని స్కాన్ చేసి టాబ్లెట్‌లో ఇంకు వేస్తోంది.

“నీట్‌గానే వచ్చింది కదమ్మా?” అన్నాను.

“అదే ప్రాబ్లం అంకుల్. జబ్బు చేశాక అక్క చెయ్యి వణికేది. నేను ఆ వంకర్ల మీదే గీసిన. యాప్ అన్నీ సాఫ్ చేసేసింది. ఇది అక్క గీతే కాదు.”

గీతలను సరిచేసే సెట్టింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టింది. నీట్‌గా ఉందన్న నా మాట నాకే నచ్చడం లేదు. మీరైతే ఏమనేవారు?

సోమవారం ఉదయం క్లాసులో ఆ బొమ్మ చూపించాలి. కింద ఇద్దరి పేర్లూ ఉంటాయి.