చేపలు ఎందుకు చచ్చాయంటే

మా చెల్లెలికి డ్రై క్లీనింగ్ దుకాణంలో మరకల డాక్టరని పేరు. ఆ పేరు పెట్టింది దుకాణం యజమానే, అది జీతం పెంచమని అడిగిన రోజున. జీతం ఎక్కడిదక్కడే ఉంది.

మిషన్లు, ఇస్త్రీ బల్లలు ముందు గదిలో ఉంటాయి. వెనక కిటికీ పక్కన ఒక తెల్ల బల్ల, దాని మీద ఒంగిన దీపం, చిన్న చిన్న సీసాలు, పళ్లు తోముకునే బ్రష్షుల్లాంటి బ్రష్షులు. ఇరవై ఏళ్లుగా అదీ దాని చోటు. మరక పడ్డ కోటు తెచ్చినవాళ్లని అది మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఏం పడింది, ఎప్పుడు పడింది, పడ్డాక మీరేం చేశారు. మొదటి రెండింటికీ జనం నిజమే చెబుతారు. మూడోదాని దగ్గరికొచ్చేసరికి అందరూ అబద్ధాలకోరులే. ఇంట్లో సబ్బేసి తోమి, వేడినీళ్లు పోసి, మరకని గుడ్డలోకి శుభ్రంగా ఎక్కించి, ఏమీ ఎరగని మొహం పెట్టుకుని "ఏం చెయ్యలేదమ్మా, ఉన్నదున్నట్టు తెచ్చాం" అంటారు. వాళ్ల మాట నమ్మి మందు పెడితే గుడ్డ పాడవుతుంది, తిట్లు దానికి. అందుకని "ఏమైనా చేశారా" అని అది అడగనే అడగదు. "సబ్బుతో రుద్దారా, వేడినీళ్లతోనా?" అంటుంది. "వేడినీళ్లే" అనేస్తారు. అన్నాక నాలిక కరుచుకుంటారు. మా చెల్లెలు నవ్వదు, విసుక్కోదు, సీసా అందుకుంటుంది.

నలభయ్యో ఏడు దగ్గర పడ్డాక దానికి పెళ్లయింది. మరిది లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. మొదటి భార్య పోయింది, పదేళ్ల కూతురుంది. చాలా మంచివాడన్నారు అందరూ. గొంతు పెంచడు, తాగడు, ఎవరితోనూ తగువుకి పోడు. తగువుకి పోనివాడి వంతు తగువులు కూడా ఇంట్లో ఎవరో ఒకరు మొయ్యాల్సి వస్తుందని నాకప్పుడు తట్టలేదు.

ఆ పిల్ల మా చెల్లెల్ని ఏ వరసా పెట్టి పిలవదు. ఎదురుగా ఉన్నా సరే "ఆవిడ" అంటుంది. "నాన్నా, ఆవిడ లైటు ఆర్పలేదు." "నాన్నా, ఆవిడ నా దువ్వెన తీసింది." భోజనం వేళకి కంచం పట్టుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. మా చెల్లెలు పొద్దున్నే లేచి స్కూలు బట్టలు మడత నలగకుండా ఇస్త్రీ చేసి తలుపు కొక్కేనికి తగిలిస్తే, అవి వాటంతట అవే ఇస్త్రీ అయినట్టు తొడుక్కుని బస్సెక్కేది. దీని కోరిక పెద్దదేం కాదు. ఆ పిల్ల తనని పిలవాలి. అమ్మా అనక్కర్లేదు, ఏదో ఒక పిలుపు.

మరిది ఆలోచించి ఆలోచించి ఒక ఆదివారం చేపల తొట్టి తెచ్చాడు. ముగ్గురూ ఒకచోట కూర్చుని చూస్తే ఇల్లు కలుస్తుందని అతని లెక్క. ఆ సాయంత్రమే నీళ్లు పోశాడు, మోటారు తగిలించాడు, సంచుల్లోంచి డజను చేపలు దింపాడు. నిజంగానే ముగ్గురూ సోఫాలో కూర్చున్నారు. ఆ పిల్ల ఆ చివర కూర్చుంది గానీ, మధ్యలో మైమరిచిపోయి మా చెల్లెలి వైపు తిరిగి "ఆ నీలం తోకది చూడండి" అంది. ఆ మాట చెప్పడానికి అది నాకు ఫోన్ చేసింది. "చూడండి అంది అక్కా, నన్నే" అంది. ఆ రోజు దాని గొంతు వింటే లాటరీ తగిలిందనుకుంటారు.

రెండు రోజులు గడిచాయో లేదో, పొద్దున లేచేసరికి రెండు చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. మర్నాడు ఇంకో మూడు. మిగిలినవి నీటి పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి, ఎక్కడా ఏ తేడా లేదు. ఆ పిల్ల స్కూలు బట్టల్లో కాసేపు అలాగే నిలబడింది. ఏడవలేదు. తిన్నగా మా చెల్లెలి దగ్గరికొచ్చి దాని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఆ పిల్ల పట్టుకోవడం అదే మొదలు. పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన చూసి వదిలేసింది.

"ఆవిడ చేతులు మందు వాసన నాన్నా. మొన్న తొట్టి తుడిచింది."

మరిది ఔనూ అనలేదు, కాదూ అనలేదు. బస్సుకి టైమైందన్నాడు. సాయంత్రం మాత్రం పిల్ల మనసు కుదుటపడేదాకా తొట్టి దగ్గరికి వెళ్లొద్దని మా చెల్లెలికి నచ్చజెప్పాడు.

ఆ వారం నేను వెళ్లేసరికి అది చేతులు రుద్దుకుంటూ సింకు దగ్గర ఉంది. సబ్బుతో రుద్దీ రుద్దీ వేళ్ల సందుల్లో చర్మం పగిలింది. నాకు ఒళ్లు మండింది. వాసనకి చేపలు చస్తాయా, నీకేమైనా మతిపోయిందా అని అడిగాను. అద్దం బయటివైపే తుడిచానని, కానీ మూత సర్దినప్పుడు వేలు తడిసిందేమో గుర్తు రావడం లేదని గొణిగింది. తనే చంపానని దానికి సగం నమ్మకం కుదిరిపోయింది. మరిది అక్కడే, నాలుగడుగుల దూరంలో, టీవీ చూస్తున్నాడు.

నేను తిట్టినందుకో ఏమో, మర్నాడు దానిలో డాక్టరు లేచాడు. ఆ పిల్ల స్కూల్లో ఉండగా, కొత్తగా చచ్చినదాన్ని కాగితం మీద పెట్టి దుకాణానికి తీసుకెళ్లి దీపం కింద చూసింది. ఒంటి మీద పుండ్లు లేవు, మచ్చలు లేవు. మొప్పలు మాత్రం కాలినట్టు ఎర్రగా ఉన్నాయి. మందు చుక్క పడి ఉంటే అన్నీ ఒక్కసారే పోవాలి గదా, ఇవి విడతలు విడతలుగా పోతున్నాయేమిటని దానికి అనుమానం. అంటే నీళ్లలో ఏదో పడలేదు, నీళ్లలోనే ఏదో పెరుగుతోంది. మధ్యాహ్నం తిండి మానేసి, తొట్టి నీళ్లు సీసాలో పట్టుకుని చేపల దుకాణానికి వెళ్లింది.

దుకాణదారు గాజు గొట్టంలో ఆ నీళ్లు పోసి రెండు చుక్కలు మందు వేస్తే ఆకుపచ్చగా తిరిగాయి. కొత్త తొట్టి కదమ్మా అన్నాడు. చేపల మలం, మిగిలిన మేత నీళ్లలో అమ్మోనియా అవుతుందట. దాన్ని తినేసే సూక్ష్మజీవులు మోటారులోని స్పాంజిలో పుట్టి పెరగడానికి వారాలు పడుతుంది. అవి తయారు కాకముందే ఇన్ని చేపల్ని దింపితే వాటి మురికి నీళ్లే వాటిని కాల్చేస్తాయి. రోజూ కొంత నీరు తోడేసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు పొయ్యాలి, మేత చిటికెడే వెయ్యాలి, అలా చేస్తే మిగిలినవి దక్కుతాయని చెప్పాడు. నా చేతుల వల్ల కాదా అని మా చెల్లెలు రెండుసార్లు అడిగింది. కాదన్నాడు. ముందు కొన్నాళ్లు చేపలు వెయ్యకుండా తొట్టి ఖాళీగా నడపండని కొనేవాళ్లందరికీ చెబుతానని, వినేవాళ్లే లేరని కూడా అన్నాడు.

అందరికీ చెబుతాడు. ఆ మాట దగ్గర అది ఆగింది.

సాయంత్రం మరిది గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటుంటే వెళ్లి నిలబడింది.

"తొట్టి ఖాళీగా మూడు వారాలు ఉంచమన్నాడా, నాలుగా?"

"నాలుగు" అన్నాడు మరిది, లేసు లాగుతూ. అన్నాక వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

తరవాత ఒక్కొక్కటే బయటపడింది. ఉత్త నీళ్ల తొట్టి ముందు పిల్లని ఎలా కూర్చోబెడతానన్నాడు. మొదటి రెండూ చచ్చిన రోజే దుకాణానికి వెళ్లి అడిగాడట. దుకాణదారు అప్పుడూ ఇదే చెప్పాడట. అంటే మర్నాడు ఆ పిల్ల మా చెల్లెలి చెయ్యి వాసన చూసేటప్పటికే అతనికి సంగతంతా తెలుసు. ఇది సింకు దగ్గర తోలు ఊడేలా రుద్దుకుంటున్నప్పుడూ తెలుసు. తెలిసే టీవీ చూశాడు.

మరి చెప్పలేదేమని అడిగితే అతనన్న మాట మా చెల్లెలు నాకు పొల్లు పోకుండా అప్పజెప్పింది.

"నువ్వంటే దానికి ముందునుంచీ పడదు. నీకు కొత్తగా పోయేదేముంది? నా మీద కూడా నమ్మకం పోతే దానికెవరున్నారు చెప్పు."

చాలా మెత్తగా అన్నాడట. అతను ఏదైనా మెత్తగానే అంటాడు.

అయినా అది ఒక ప్రయత్నం చేసింది. తొట్టి కొత్తదని, నీళ్లు ఇంకా తయారు కాలేదని, ఎవరి చేతుల తప్పూ కాదని ఆ పిల్లకి చెప్పింది. ఎవరు తొందరపడ్డారో మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల అంతా విని తండ్రి వైపు తిరిగి నిజమేనా అని అడిగింది. మరిది ఫోన్లోంచి తల ఎత్తకుండా, ఏమోనమ్మా, ఒక్కొక్కళ్లు ఒక్కోటి చెబుతారు అన్నాడు. ఆ పిల్ల కంచం పట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది.

నేను వచ్చి ఉన్నదంతా కక్కేస్తానన్నాను. మా చెల్లెలు ఒప్పుకోలేదు. నేను చెబితే ఆ పిల్ల నమ్మదట. ఒకవేళ నమ్మితే, తల్లి లేదు, తండ్రి కూడా అబద్ధమాడాడని తెలిశాక ఎక్కడికి పోతుందని నన్నే ఎదురడిగింది. అతను అన్న మాటే తిప్పి అంటోంది. తప్పు చేసినవాడు హాయిగా ఉన్నాడు, కాపలా ఇది కాస్తోంది. ఇలాంటి మంచితనం చూస్తే నాకు జాలి రాదు, తిక్క రేగుతుంది.

ఆ తరవాత రోజూ ఇదే పని. స్కూలు బస్సు సందు తిరగగానే గొట్టం పెట్టి తొట్టిలో నీళ్లు కొంత బకెట్లోకి లాగడం, ముందురోజు బాల్కనీలో పట్టి ఉంచిన నీళ్లు మెల్లగా పొయ్యడం, నేల మీద తడి తుడిచి గొట్టం దాచెయ్యడం. చేతులు మోచేతులదాకా కడుక్కున్నాక గానీ మూత ఎత్తదు. దీనివల్ల దుకాణానికి ఆలస్యమైతే యజమాని సణుగుడు వేరే. బాల్కనీలో ఆ బకెట్ ఏమిటని ఒకరోజు ఆ పిల్ల అడిగితే ఇల్లు తుడవడానికని మరిదే చెప్పాడు. అతనికి అంతా తెలుసు. ఒక్కరోజూ బకెట్ ఎత్తిన పాపాన పోలేదు.

చేపలు చావడం ఆగింది.

మళ్లీ నేను వెళ్లినప్పుడు తలుపు తీసింది ఆ పిల్లే. మంచి హుషారుగా ఉంది. నా చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కెళ్లి ఏది దేన్ని తరుముతుందో, ఏది మేతకి ముందొస్తుందో అన్నీ చెప్పింది. ఎంత ముద్దుగా చెప్పిందంటే, ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు. అప్పుడు మా చెల్లెలు టీ కప్పులు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఆంటీ, ఆవిడ దీని దగ్గరికి రావడం మానేసింది కదా, అప్పట్నుంచీ ఒక్కటి కూడా చావలేదు" అంది ఆ పిల్ల. అని తండ్రి వైపు తిరిగింది. "కదా నాన్నా?"

"అంతేనమ్మా" అన్నాడు మరిది, మా చెల్లెలి చేతిలోంచి కప్పు అందుకుంటూ.

నేను నోరు తెరిచాను. మా చెల్లెలు నాకేసి చూసి వద్దన్నట్టు తల ఊపింది. నేను కప్పు అలాగే పెట్టేసి లేచాను.

సాగనంపడానికి అది మెట్లదాకా వచ్చింది. ఇక ఆ నీళ్లు మార్చడం మానెయ్, చస్తే చావనీ అన్నాను.

"చస్తే నా వల్ల చచ్చాయంటుంది అక్కా. బతికితే నేను ముట్టుకోకపోబట్టి బతికాయంటుంది."

"మరి దేనికే ఈ చాకిరీ?"

అది రెయిలింగు పట్టుకుని ఆలోచించింది. పొద్దున లేవగానే ఆ పిల్ల ముందు తొట్టి దగ్గరికే పరిగెడుతుందట. చేపల్ని ఒకటొకటిగా లెక్కపెట్టుకుని, అన్నీ ఉన్నాయని తేలాక తనలో తను నవ్వుకుంటుందట. వంటింట్లోకి ఆ నవ్వు వినిపిస్తుందట.

నేను మెట్లు దిగాను. నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మరిదికి తగలాల్సినవి, అతను పైన టీ తాగుతున్నాడు.