మాత్ర మానేసిన సంగతి చిన్నాన్న ఎవరికీ చెప్పలేదు

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో టిఫిన్ బాక్స్ తెరుస్తుంటే పిన్ని ఫోన్.

"మీ సిన్నాన్న ఎల్లిపోనాడే, గుంటా."

ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

మొన్న సాయంత్రమే హాస్పిటల్‌కి వెళ్ళి చూసి వచ్చాను. కాలికి ఆపరేషన్ అయింది, జ్వరం తగ్గగానే ఇంటికి పంపుతామన్నారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందట. అంతే.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

అప్పలరాజు చిన్నాన్న మా నాన్నకి తమ్ముడు. కార్పొరేషన్ నీళ్ళ పని. తెల్లవారకముందే పొడుగాటి ఇనప తాళంచెవి భుజాన వేసుకుని బెంగాల్‌లోని మా మెటియాబ్రుజ్ గల్లీల్లో వాల్వులు తిప్పేవాడు. ఆయన తిప్పితేనే కుళాయిల్లో నీళ్ళు. అక్కడ ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ "జొలేర్ దాదా", నీళ్ళన్నయ్య.

ఎవరింట్లోనైనా చావు జరిగిందని తెలిస్తే ఆ గల్లీకి ఇంకాసేపు నీళ్ళు వదిలేవాడు. ఎవరూ అడగక్కర్లేదు. "శవాన్ని పెట్టుకుని బిందెల కోసం కొట్టుకుంటారేటి?" అనేవాడు.

అలాంటి మనిషికి షుగర్ వచ్చింది. మొదట్లో రెండు రకాల మాత్రలు వాడేవాడు. తర్వాత కొత్త డాక్టరమ్మ ఒకటే మాత్ర రాసింది. రంగు వేరు, పేరు వేరు. అది అదనంగా ఇచ్చిన మందేమో అనుకున్నాడు చిన్నాన్న. పాతవీ వేసుకున్నాడు, కొత్తదీ వేసుకున్నాడు. అదీ పరగడుపున, టీ నీళ్ళతో. డ్యూటీ అయ్యాకే కదా ఆయన తినేది.

ఒకరోజు పొద్దున్న పార్టీ ఆఫీసు పక్కన వాల్వు తిప్పుతూ తిప్పుతూ కూలబడిపోయాడు. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకు. మాట తడబడుతోంది, ఏదేదో అంటున్నాడు.

బిందెలతో నిలబడ్డవాళ్ళలో ఎవరో నవ్వారు. "మాతాల్!"

బెంగాలీలో తాగుబోతు అని.

జన్మలో చుక్క ముట్టని మనిషిని.

ఎదుటి మిఠాయి కొట్టాయన తల్లికి కూడా షుగరే. ఆయన చూడగానే షుగర్ పడిపోయిందని పోల్చుకున్నాడు. పరుగెత్తుకొచ్చి, పట్టుకుని కూర్చోబెట్టి, పంచదార నీళ్ళు గుక్క గుక్కగా తాగించాడు. కాసేపటికి చిన్నాన్న మామూలు మనిషయ్యాడు.

ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. మాత్రలన్నీ బల్ల మీద పోయించి చూసి ఆవిడ తల పట్టుకుంది.

"దాదా, ఈ ఒక్కదానిలోనే నీ పాత మందులు రెండూ ఉన్నాయి. డబుల్ డోస్ వేసుకున్నావు. పాతవి ఆపెయ్యి. ఇది మాత్రం మానొద్దు. తిండి తినే ముందే వేసుకో, తినకపోతే వేసుకోకు. వాంతులో జ్వరమో వచ్చి తిండి ఎక్కకపోతే వెంటనే నాకు చెప్పు. మళ్ళీ కళ్ళు తిరిగినా నా దగ్గరికే రా. డోస్ మారుద్దాం."

చిన్నాన్న బుద్ధిగా తలూపాడు.

ఆ తర్వాత మా వాళ్ళ పెళ్ళిళ్ళలో, పూజల్లో ఎంతసేపూ ఆ పంచదార నీళ్ళ కథే. చిన్నాన్న కూడా మాతో కలిసి నవ్వేవాడు. డాక్టరమ్మ చెప్పిన మాటలు మాత్రం ఎవరి నోటా రాలేదు. "ఆ మాత్ర డేంజర్" అన్న ముక్క మిగిలింది. "మానొద్దు" అన్న ముక్క పోయింది.

ఏడాది తిరక్కుండా చిన్నాన్న సన్నబడ్డాడు. షుగర్ కంట్రోల్లోకి వచ్చిందని సంతోషించాం. బాటిళ్ళకి బాటిళ్ళు నీళ్ళు తాగేవాడు. ఎండలే అనుకున్నాం.

తడి బూట్లలో కాలి వేలు ఒరుసుకుపోయింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. పిన్ని చూసేసరికి పాదం నల్లబడింది.

హాస్పిటల్లో, ఏ మందు వాడుతున్నాడని డాక్టర్ అడిగితే పిన్ని టకటకా పేరు చెప్పింది. రోజూ కంచం పక్కన పెట్టేది ఆవిడే. చిన్నాన్న గోడ వైపు తిరిగి అన్నాడు.

"మానీసినాను."



డాక్టర్ వెళ్ళాక నేను అడిగాను. "ఎందుకు చిన్నాన్నా? భయమేసిందా?"

"సచ్చిపోతానని భయం కాదే, గుంటా. మళ్ళీ రోడ్డు మీద పడిపోతే? ఇన్నేళ్ళూ దాదా అన్న నోళ్ళే తాగుబోతన్నాయి. ఆ మాట ఇంకోపాలి ఇనలేను."

"డాక్టరమ్మకి చెప్పాల్సింది కదా. డోస్ తగ్గించేది. వేరే మందు ఇచ్చేది."

"ఏటని సెప్పను? సిగ్గేసి మానీసినానని సెప్పనా?"

 

డాక్టరమ్మకి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఫోన్లో అయినా సరే. ఆ మాట చెప్పలేక మనిషే పోయాడు.

మీ ఇళ్ళల్లో షుగర్ ఉన్నవాళ్ళని ఇవాళ ఒకసారి అడగండి. వేసుకుంటున్నావా అని కాదు. దాంతో నీకేమైనా ఇబ్బందిగా ఉందా అని అడగండి. కొత్త మాత్ర ఇస్తే పాతవి తీసుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి. భయమేస్తే మానెయ్యకండి. వెళ్ళి చెప్పండి.

నిన్న సాయంత్రం శ్మశాన ఘాట్‌కి ఆ గల్లీ గల్లీ అంతా వచ్చింది. అక్కడి దర్జీలు కుట్టుమిషన్లు ఆపేసి వచ్చారు. మిఠాయి కొట్టాయన పిన్ని కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు.

ఆగలేక అడిగేశాను. "ఆ రోజు మాతాల్ అన్నది ఎవరు, దాదా?"

ఆయన తెల్లబోయాడు. పక్కవాళ్ళని అడిగాడు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"అలా ఎవరన్నారమ్మా? పాపం, షుగర్ పడిపోయింది కదా. మాకెంత భయమేసిందో!"

ఒక్కరికీ గుర్తు లేదు, చిన్నాన్నా.

ఆ మాట మోసింది నువ్వొక్కడివే.

ఇంక దించెయ్యి. హాయిగా నిద్రపో.