నలభై నాలుగు మీద అంటించిన టేపు

పోయినవి ముందు చెప్తాను. ఒక ల్యాపు, ఆరు స్థానాలు, చిన్నదే అయినా ఒక కప్పు, మరుసటి ఏటి కాంట్రాక్టు, చివరికి హోసూరు నుంచి ఆ మనిషే. నావైపు నుంచి పోయింది ఒకటే: లెక్క తప్పడన్న పేరు. దాన్ని ఈ మొత్తంలో కలపను. అది పోవలసిందే.

ఆయన జపాన్ నుంచి వచ్చిన బైక్ రేసర్. తన చరిత్రంతా ఆయనే ఒకసారి టీ తాగుతూ వేళ్ల మీద చెప్పాడు. ఐదేళ్లకు బొమ్మంత బండి ఎక్కాడు. ఇరవై ఒకటికి ప్రపంచ పోటీల్లో అన్నిటికన్నా చిన్న తరగతిలో చేరాడు. అక్కడ రెండేళ్లు. ఆ తర్వాత ఎవరు పిలిస్తే ఆ దేశం. విరిగిన ఎముకలు ఏడు, గెలిచిన రేసులు సున్నా, నాలుగో స్థానం పదకొండు సార్లు. అందరూ ప్రపంచమంతా తిరగాలని హోసూరు నుంచి బయలుదేరుతారు. ఈయన ప్రపంచమంతా తిరిగి ముప్పై ఆరో ఏట హోసూరుకు వచ్చాడు.

ఆయన బండి నెంబరు నలభై నాలుగు. వాళ్ల దేశంలో నాలుగు అపశకునమట. ఎవరూ అడగని నెంబరు కాబట్టి ఎక్కడికి వెళ్లినా ఖాళీగా దొరుకుతుందని తీసుకున్నాడు. ఆ తెలివి నాకు నచ్చింది.

ఆయన్ని పిలిపించింది హోసూరు బస్టాండు దగ్గర స్పేరు పార్టులు అమ్మే ఒక వ్యాపారి. రేసు టీము పెడితే దుకాణానికి పేరొస్తుందని ఎవరో చెప్పారు. వ్యాపారి షరతు ఒకటే: అయిదు రేసుల సీజను పట్టికలో మొదటి ముగ్గురిలో ఉంటే ఇంకో ఏడాది ఉంచుకుంటాడు, లేకపోతే టికెట్టు కొనిస్తాడు. జపాన్ ఆయనకు వెళ్లాలని లేదు. ఆ వయసులో ఇంకెవరూ పిలవరని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

ఇక నా సంగతి. చదివింది తొమ్మిదో తరగతి. కృష్ణగిరి దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీలు తూచే వేబ్రిడ్జి చూస్తాను. జాబితాలో లేని లారీ నెంబరుకు గేటు తీయను. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి. ఆదివారాలు రేసు ట్రాక్ పక్కన కూర్చుని, ఏ బండి ఎన్ని చుట్లు తిరిగిందో, ఆ ల్యాపులు లెక్కపెట్టేవాణ్ణి. ల్యాపులు లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ పెట్టెకు అద్దె ఎక్కువని రేసులు నడిపే క్లబ్బు నన్ను పెట్టుకుంది. నాకు ఒక పూట భోజనం చాలు.

నాలుగో రేసు నాటి ఉదయం వ్యాపారి బండి ముందు నిలబడి నెంబరులోని అంకెలు కూడాడు.

"నాలుగూ నాలుగూ ఎనిమిదప్పా! శని! మూడు రేసులు దీని మీదనే పోగొట్టుకొన్నామా?"

"నెంబరు పరిగెత్తదు సార్, బండి పరిగెత్తుతుంది," అన్నాడు మెకానిక్.

"నువ్వు స్పానరు పట్టు, శాస్త్రం నాకొదిలేయి. కృష్ణగిరి న్యూమరాలజీ ఆయన అయిదు రావాలన్నాడు. నలభై ఒకటి చెయ్యి."

కొత్త స్టిక్కరు కొట్టించే టైము లేదు. మెకానిక్ రెండో నాలుగు ఎడమ సగం మీద తెల్ల టేపు అంటించాడు. నిలువు గీత ఒక్కటే మిగిలి ఒకటిలా కనబడింది. వ్యాపారి క్లబ్బు ఆఫీసులో బళ్ల జాబితా కూడా మార్పించాడు. జపాన్ ఆయన టేపు మీద గోటితో ఒకసారి గీకి, తన ఎర్ర హెల్మెట్ పెట్టుకున్నాడు.

రేసు పదిహేను ల్యాపులు, బళ్లు పన్నెండు. ఏడో ల్యాపు దాకా నలభై ఒకటి మూడో స్థానంలో ఉంది. ఎనిమిదో ల్యాపులో, ఎండకూ గాలికీ టేపు ఊడి, నా ముందు నుంచి నలభై నాలుగు పోయింది. నా చేతిలోని జాబితాలో నలభై నాలుగు లేదు. లేని నెంబరు నేను రాయను. రాయలేదు.

తొమ్మిదో ల్యాపులో ఎర్ర హెల్మెట్ చూసి గుర్తుపట్టాను. అప్పటి నుంచి ప్రతి ల్యాపూ రాశాను. వెనక్కి వెళ్లి ఎనిమిదో గడి నింపుదామంటే మిగతా బళ్లు ఊపిరి తీసుకోనివ్వలేదు. ముగింపు జెండా పడేసరికి ఆయన ట్రాక్ మీద మూడోవాడు. నా కాగితం మీద ఒక ల్యాపు తక్కువ, తొమ్మిదోవాడు.

వెంటనే క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆయన నవ్వాడు.

"జెండా పడినాక షీటులో గీత కొట్టకూడదని రూలు పెట్టింది ఎవరప్పా?"

"నేనే సార్."

"మరి? టీము యజమాని అరగంటలో కంప్లైంటు రాసిస్తే మారుస్తాం. లేదంటే నీ రూలు నీకే."

ఫారంలో బండి మీద కనబడిన నెంబరు యజమాని తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. వ్యాపారి పెన్ను పట్టుకుని ఆగిపోయాడు.

"నలభై నాలుగని నా చేత్తో రాసేదా? రేపు ఆ శని దుకాణం మీద పడితే ఎవురు చూస్తారు?"

"సార్, మనోడు మూడోవాడు వచ్చినాడు," అన్నాడు మెకానిక్.

"టేపు ఊడింది ఎట్లప్పా? శని బయటికొచ్చినాడు, అందుకే పోయె. నేను చెప్పింది నిజమే కదా! ఉండు, ఆయన్నే అడుగుతా."

కృష్ణగిరికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఆదివారం మధ్యాహ్నం పూట న్యూమరాలజీ ఆయన భోంచేసి పడుకున్నాడని తర్వాత తెలిసింది. నా వాచీలో ఇరవై ఎనిమిది నిమిషాలు, ఇరవై తొమ్మిది, ముప్పై. వ్యాపారి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

జపాన్ ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి షీటు అడిగాడు. ఆయనకు వచ్చిన తెలుగు ఇరవై మాటలుంటాయేమో. ఆడా మగా తేడా లేకుండా అందర్నీ 'అప్పా' అనేవాడు. గడుల మీద వేలుతో లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఎనిమిదో దాని మీద ఆగాడు.

"ఒకటి యాడ పోయె, అప్పా?"

"నా దగ్గరే ఉంది," అన్నాను. అర్థమైందో లేదో, తల ఊపాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

అయిదో రేసులో ఆయన మళ్లీ నాలుగోవాడు. సీజను పట్టికలో కూడా నాలుగోవాడే. మూడో స్థానానికి నాలుగు పాయింట్లు తక్కువ. వ్యాపారి అన్న మాట ప్రకారం టికెట్టు కొనిచ్చాడు, తేదీలోని అంకెలు కూడి చూసి, మంచి రోజని ప్రయాణం రెండు రోజులు ముందుకు జరిపి మరీ. ఇప్పుడు ఆయన తన ఊళ్లో పిల్లలకు బండి నేర్పుతున్నాడని విన్నాను.

నేను ల్యాపులు లెక్కపెట్టడం మానేశాను. క్లబ్బు అద్దెకు పెట్టె తెచ్చుకుంది. పట్టిక సరిచేయమని మూడుసార్లు ఉత్తరం రాశాను. మూడుసార్లూ నా రూలే నాకు టైపు చేసి పంపారు, అక్షరం పొల్లు పోకుండా.

రేసులో మూడో స్థానానికి పదహారు పాయింట్లు. తొమ్మిదో స్థానానికి ఇచ్చింది ఏడు. ఏడు ముట్టింది కాబట్టి అది తీసేయాలి. ఈ రోజుకు ఆయనకు నేను బాకీ తొమ్మిది.