నెర్రెలు తాగిన నీళ్లు

1946 మార్చిలో నన్ను ఓవర్సీరుగా వినుకొండ సెక్షనుకు వేశారు. ఓవర్సీరు పైన సూపర్‌వైజరు, ఆయన పైన అసిస్టెంటు ఇంజనీరు ఉండేవారు. చెప్పాల్సినవి పైవాళ్లు చెప్పేవారు, ఎండలో నిలబడాల్సింది మాత్రం ఓవర్సీరు. నాకప్పుడు పాతికేళ్లు. కొలిచింది తప్ప మరేదీ నమ్మకూడదని గట్టి పట్టుదల కూడా ఉండేది.

వినుకొండకూ శావల్యాపురానికీ నడుమ ఒక ఊళ్లో సాయిబుల పాత గోరీలదొడ్డి మంచినీళ్ల బావికి మరీ దగ్గరగా ఉండేది. ఆ దొడ్డిని మూసేయమని ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇచ్చింది. బదులుగా వేరే చోటు చూపించాలి. ఊరి దక్షిణాన నల్లరేగడి బంజరు ఒకటి, దానికి ముప్పావు మైలు దూరంలో కొండవైపు గులకరాళ్ల ఎర్ర గరువు నేల ఒకటి, ఈ రెండే ఉన్నాయి. ఏ నేలలో నీరు తొందరగా ఇంకుతుందో పరీక్షించి రిపోర్టు రాయడం నా పని. నీరు నిలిచే నేల గోరీలకు పనికిరాదు.

పరీక్ష పెద్ద విద్యేం కాదు. నడుం లోతు గొయ్యి తీసి, దాని అడుగున అడుగు చదరం గుంట తవ్వాలి. గుంట నింపి, అంగుళాల గీతలున్న చెక్క బద్ద నిలబెట్టి, పది నిమిషాలకొకసారి నీటిమట్టం ఎంత దిగిందో ఫీల్డుబుక్కులో రాయాలి. అయితే దానికి ముందు ఒక రోజంతా గుంటలో నీళ్లు ఆరకుండా పోస్తూ నేలను నాననివ్వాలని నిబంధన ఉంది. నేను నానబెట్టలేదు. అది నడి మే నెల. ఊరంతటికీ అదొక్కటే బావి, ఆడవాళ్లు చేదకు గంటసేపు కాచుకుంటున్నారు. రెండు గుంటలకు రోజంతా నీళ్లు తోడించాలంటే మనసొప్పలేదు. ఇది సాకు కాదు, నిజమే. నిజమైనంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

గుంటలు తవ్వింది మస్తాన్ సాయిబు. ఊళ్లో గోరీలు తవ్వేది ఆయనే. అరవై దాటిన మనిషి, పలుగు వేస్తే మాత్రం వయసు తెలిసేది కాదు. గరువులో నీరు గంటకు నాలుగంగుళాలు దిగింది. రేగడిలో ఇరవై నిమిషాలకే గుంట ఖాళీ. నేను సంబరంగా అంకె రాసుకుంటుంటే మస్తాన్ గట్టున కూర్చుని అన్నాడు.

"బాబూ, అది నేల తాగటం కాదు. నెర్రెలు తాగినయ్. వానలు పడి నెర్రెలు మూసుకున్నాక చూడండి."

"ఏంది సాయిబూ, నేలకు రెండు నోళ్లా?" అని నవ్వాను.

"రేగడికి రెండే బాబూ. ఎండలకొకటి, వానలకొకటి," అన్నాడు. ఆయన నవ్వలేదు.

మెత్తటి నేల, ఊరికి దగ్గర, బద్ద కూడా దానివైపే చెప్పింది. రేగడి బంజరుకే సిఫారసు చేసి సంతకం పెట్టాను. నెల తిరగకముందే మంజూరైంది. పాత దొడ్డికి ముళ్లకంచె వేశారు.

శ్రావణంలో ఐదు రోజులు ముసురు పట్టింది. పక్క ఊళ్లో కొట్టుకుపోయిన కల్వర్టు చూడటానికి వచ్చిన నాకు, మస్తాన్ భార్య కాశింబీ జ్వరంతో పోయిందని తెలిసింది. కొత్త చోట మొదటి గోరీ ఆమెదే. అక్కడికి వెళ్లాను.

ఎందరు వారించినా మస్తాన్ తానే తవ్వుతున్నాడు. నడుం లోతు దిగేసరికి గోడల్లోంచి నీరు ఊరి గొయ్యి సగం నిండింది. పది అడుగుల అవతల ఇంకొకటి మొదలుపెడితే అందులోనూ అంతే. ఇద్దరు మనుషులు బిందెలతో తోడుతున్నారు, తోడినంతా మళ్లీ వస్తోంది. పాత దొడ్డిలో ఈ ఒక్క మనిషికి చోటివ్వమని పెద్దలు అడిగితే, ఉత్తర్వు ఉండగా తన వల్ల కాదన్నాడు మునసబు. వాళ్లు నావైపు తిరిగారు. పై అధికారికి రాయాలని నేనూ అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"కాయితం వచ్చేదాకా మనిషిని ఉంచలేం బాబూ," అన్నాడు మస్తాన్. "ఆ బద్ద తెచ్చుకున్నారా? అయితే ఇప్పుడు కొలవండి," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. సంచిలోంచి బద్ద తీసి వదిలేసిన మొదటి గొయ్యిలో నిలబెట్టాను. గంటసేపు చూశాను. నీరు దిగలేదు, అర అంగుళం పెరిగింది. ఫీల్డుబుక్కులో ఆ అంకె రాసి, చెప్పులు విడిచి రెండో గొయ్యిలోకి దిగి బిందె అందుకున్నాను. చివరికి గరువు నుంచి రెండు బండ్ల ఎర్రమట్టి తెప్పించి, అడుగున మూరెడు మందం పరిచి తొక్కి, ఆ పొడిమట్టి మీద కాశింబీని పడుకోబెట్టారు.

మర్నాడు నా రిపోర్టు తప్పని నేనే రాశాను. అసిస్టెంటు ఇంజనీరు మంచివాడే. ఇది సర్వీసు రిజిస్టరుకెక్కుతుంది, ఆలోచించుకోమన్నాడు. ఆలోచించేదేముంది, పంపండన్నాను. సూపర్‌వైజరు ప్రమోషను ఆలస్యంగా వచ్చింది. గరువులో ఈసారి రోజంతా నానబెట్టి కొలిస్తే గంటకు మూడంగుళాలు దిగింది. ఆ తర్వాత ముసురు పట్టినప్పుడు కొలిచినా అంతే దిగింది. చలికాలానికి గోరీలదొడ్డి అక్కడికి మారింది. రేగడిని సాగుకు ఇచ్చేముందు, నాగలి తగలకుండా కాశింబీ గోరీ చుట్టూ కొంత జాగా ప్లానులో విడగొట్టించాను. మస్తాన్ వచ్చి రాళ్లు పాతిన చోటు చూసుకుని వెళ్లాడు. థాంక్సు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

పరీక్ష రోజున నేల ఎండి ఉందా, తడిసి ఉందా, ఎంతసేపు నానబెట్టారు అన్నది రాయకపోతే అంకెకు అర్థం లేదు. నేర్చుకున్నది ఇంతే. ఆ తర్వాత ముప్పై ఏళ్లు నా కిందివాళ్లు ఆ వివరం లేకుండా తెచ్చిన ప్రతి ఫీల్డుబుక్కునూ తిప్పి పంపాను. నన్ను చాదస్తుడన్నారు. అననిచ్చాను.

మస్తాన్ పోయినప్పుడు నేను మాచర్లలో ఉన్నాను. భార్య పక్కన పెట్టమని అడిగాడట. అదీ వానాకాలమే, ఎవరికీ ధైర్యం చాలక గరువులోనే పెట్టారు. ఆ ఇద్దరి గోరీల మధ్య ముప్పావు మైలు దూరముంది. ఆ దూరం నేను పెట్టిన సంతకానిది.