గాలి వచ్చే మెట్లు

మొన్న ఆదివారం ఇంజనీరు కుర్రాడొకడు వచ్చి, సముద్రం పక్కనే ఉన్న తిరువొత్తియూరులో మా పాత ఇల్లు తీసేసి ఆ స్థలంలో లేపబోయే అపార్టుమెంటు ప్లాను భోజనాల బల్ల మీద పరిచి, ఇవిగో మెట్లు, ఇదిగో లిఫ్టు అని చూపిస్తుంటే, నా వేలు నాకు తెలియకుండానే పడమటి పక్కకి పోయింది. మెట్లు ఇటు జరపడం కుదరదా అని అడిగాను. ఈ రోజుల్లో మెట్లు ఎక్కేదెవరు, అవి ఎక్కడుంటే ఏమిటన్నట్టు అతను నా వంక జాలిగా చూశాడు. అతనికి చెప్పలేకపోయిన సంగతి మీకైతే చెప్పగలను, వేసవి మధ్యాహ్నాలు సముద్రపు గాలి కోసం కిటికీ దగ్గర కాచుకు కూర్చున్న తరం మనది.

తొంభైల మొదట్లో నాకు అక్కడి బడిలో టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు మా పెద్దమ్మ నన్ను ఇంకెక్కడా ఉండనివ్వలేదు, పిల్లలు లేని తన ఇంట్లోనే పెట్టుకుంది. ఆ ఇంటి తూర్పు గదికి పెద్ద కిటికీ, దాని పక్కనే పెదనాన్న మడత కుర్చీ ఉండేవి. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఆయనకు ఆయాసం. పొద్దున్నించీ ఇల్లంతా ఉడికిపోయి, ఎండ వాలే వేళకు ఆ కిటికీలోంచి గాలి తిరిగితే ఆయన ఊపిరి కాస్త కుదుటపడేది, అది చూసుకున్నాక గానీ పెద్దమ్మ తన కాఫీ తాను కలుపుకునేది కాదు.

సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా, తూర్పు పక్కింటి మామ తన పెంకుటిల్లు పడగొట్టి మూడంతస్తులు, ఆరు వాటాలు కడతానన్నాడు. పెళ్ళిళ్ళయిన కొడుకులు ముగ్గురు, ఉన్నవి రెండు గదులు, అందుకని మూడు వాటాలు కొడుకులకిచ్చి తక్కినవి అమ్ముతాడట. వీధి వీధంతా భగ్గుమంది. వాళ్ళ భయాలు తీసిపారేసేవి కూడా కావు. వేసవి వస్తే చేతిపంపులో ఉప్పునీళ్ళు, నీళ్ళ లారీ వస్తే బిందెల కొట్లాట, ఒక్క వానకే పొంగే కాలువ, ఇన్ని ఉండగా మళ్ళీ ఆరు కాపురాలా అని ఒకరు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు పైనుంచి మన పెరట్లోకి తొంగిచూస్తుంటే ఎట్లా అని ఇంకొకరు. వీటన్నిటికన్నా గట్టి కారణం వాళ్ళకు మా ఇంట్లోనే దొరికింది. పెదనాన్నను ముందు పెట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకి పోతే, ఆయన ఆయాసం చూసైనా కట్టుబడి ఆపుతారని ఒక సాయంత్రం అందరూ మా అరుగు మీద చేరారు.

పెద్దమ్మ అందరికీ కాఫీలిచ్చింది, అందరి మాటా విన్నది. ఆ తర్వాత, కేకలు వేయడం ఆవిడకు చేతకాదు గనక, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూనే అన్నది. “ముగ్గురు పిల్లకాయలు పెండ్లాం బిడ్డలతో యాడికి పోవాల? రాయపురంలో ఒక్క కొళాయి కింద ఎన్ని కాపురాలు ఉండినాము, మీరూ ఆడి నుంచి వచ్చినోళ్ళే గదా. మనకి ఈడ చోటు దొరికింది, ఎనక వచ్చేటోళ్ళకి వద్దా?”

మరి ఈయన ఊపిరి సంగతేమిటని ఎవరో అడిగారు. నా గుండెలో ఉన్నదీ అదే ప్రశ్న. పెదనాన్న మాత్రం నవ్వి, అది ఆమె చూసుకుంటుందిలే అన్నాడు.

ఆమె చూసుకుంది కూడా. మర్నాడు గాలి తిరిగే వేళకు పక్కింటి మామనీ, మేస్త్రీనీ తూర్పు గదిలోకి పిలిచి, కిటికీ ఊచల మధ్య వరసగా అగరొత్తులు గుచ్చి వెలిగించింది. పూజ గదిలో కాకుండా ఇక్కడెందుకా అని వాళ్ళిద్దరూ తెల్లమొహం వేసుకుని చూస్తుంటే, పొగ అంతా ఒక్క దిక్కుగా గదిలోకి వాలి, కుర్చీలో ఉన్న పెదనాన్న మీదుగా పోయింది. “గాలి ఈ దోవనే వస్తుందన్నా. గదులు ఆ పక్క వేసుకోండి, మెట్లు ఈ పక్క పెట్టండి. మెట్ల గోడ మూసేయొద్దు, కన్నాలు కన్నాలుగా ఇడిసిపెట్టండి, అదే చాలు,” అన్నది. కన్నాల్లోంచి జల్లు కొడుతుందని మేస్త్రీ గొణిగితే, “వాన పడితే మెట్లు తడుస్తాయి, అంతే గదా,” అన్నది. మామ ఆ పొగ వంక, పెదనాన్న వంక చూశాడు. మేస్త్రీ ఇంకో మాట అనేలోపే ఆయనే మెట్లు జరపమన్నాడు.

గాలి మునుపటంత రాలేదు, అబద్ధమెందుకు, కానీ వచ్చింది. వచ్చేది ఒట్టి గాలి కూడా కాదు. మెట్లెక్కే పిల్లలు కన్నాల్లో మొహాలు పెట్టి తాతా అని అరిచిపోయేవారు, పెదనాన్న కళ్ళు మూసుకుని వాసన పట్టి ఏ వాటాలో మీన్ కుళంబు అనే చేపల పులుసో, ఏ వాటాలో సాంబారో చెప్పి, సగం తప్పు చెప్పినా ఒప్పుకునేవాడు కాదు. ఒక వానాకాలం పగటిపూట ఆయనకు ఊపిరాడకపోతే, పై అంతస్తులో కొనుక్కుని వచ్చిన, మాకు ముక్కూ మొహం తెలియని అబ్బాయే ఆయన్ని చేతుల మీద ఎత్తుకుని మోకాలి లోతు నీళ్ళలో ఆటో దాకా మోశాడు. ఆ తర్వాత ఆయన ఇంకా చాలా ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాడు. లారీ వచ్చినప్పుడు బిందెల కొట్లాట మాత్రం ఆగలేదనుకోండి.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు, ఇల్లు నా చేతికొచ్చింది, మేడ లేపే వంతు నాది. నేను కడితే గాలి ఆగేది పడమటి ఇంటికి. వాళ్ళకు ఎటువైపు దారి వదలాలో అడుగుదామని వెళ్ళాను. ఆ ఇంటి కోడలు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, మీ వైపున్న కిటికీ ఏసీ పెట్టినప్పుడే మూసేశామని, మీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోండని చెప్పింది. కొట్లాటకు రానందుకు సంతోషించాలో లేదో నాకు తెలియలేదు.

తిరిగివచ్చి, సామాను తీసేసిన తూర్పు గదిలో నిలబడి ఊచల మధ్య ఒక అగరొత్తి వెలిగించాను. పక్కింటి మెట్ల కన్నాలు ఇంకా అట్లాగే ఉన్నాయి, పొగ నెమ్మదిగా గదిలోకే వాలింది. ఇంజనీరుకి ఫోను చేసి మెట్లు పడమటి పక్కకే పెట్టమన్నాను, గోడ మూయొద్దన్నాను. పెద్దమ్మకు ఆ రోజు అడగడానికి ఒక మనిషి ఊపిరి ఉండేది, ఇవ్వడానికి పక్కింట్లో ఒక మామ ఉండేవాడు. ఈ రోజు ఇస్తానని నేను నిలబడి ఉన్నాను, పుచ్చుకునే కిటికీయే లేదు.