గోనె కింద ఆరు చేపలు

తడిసి ఆరిన గోనె వాసన తగిలితే చాలు, నీళ్లేవో ముట్టుకుని చూడాలన్నట్టు నా చెయ్యి కిందికి పోతుంది. నిన్న సంతలో అదే పని చేశాను. “తాతా, ఏం పోయింది?” అన్నాడు ఉల్లిగడ్డలవాడు. “పన్ను. కనబడితే ఇయ్యి” అన్నాను. పోయింది మనిషని వాడికేం చెప్పను?

మద్రాసు ప్రభుత్వ కాలంలో మార్కాపురంలో పలకలు కోసేవాణ్ణి. మూడో తరగతిలో పలక మీద రాయడం మానేసి పలకలు చెయ్యడంలో పడ్డాను. రెండోదే నాకు బాగా వచ్చింది. మా కొట్టం పక్కింట్లో మలేరియా శాఖ నౌకరు దేవసహాయం ఒక్కడే ఉండేవాడు. దోర్నాలలో ఆయన భార్య చలిజ్వరంతో పోయింది. ఇంటి వెనక బావిలో దోమపిల్లలు ఆడుతున్నాయని ఆమె పోయాకే చూశాడట. ఆ తరువాత, వాటిని తినే చిన్న చేపల్ని డెల్టా కాలవల నుంచి కుండలో తెచ్చుకున్నాడు. నుదుట వెండిచుక్క ఉండేది వాటికి. ఎండలు ముదిరి పిల్లలు పెడితే ఆ బావిలో వదలాలి. అందాకా మా నల్లమల చలి దాటాలి.

గాజుపెట్టెకు అడుగు పలక నేనే బిగించాను. చలి మొదలవగానే ఆయన పెట్టెను తూర్పు అరుగు మీదికి మార్చి, సాయంత్రానికి గోనెలు కప్పేవాడు. మేత తగ్గించాడు. నీళ్లు ఒక పూట పెట్టె పక్కనే ఉంచి, చేత్తో చూసి, చెంబెడు మాత్రమే పోసేవాడు.

“ముద్ద తగ్గించి దుప్పటి కప్పుతావేంది పెద్దనాయనా? మా అత్తగారింట్లో నాకూ ఇదే మర్యాద!”

“చలికి వాటికి అరగదురా. నీకు అరగనిది యాడుంది?”

నవ్వి, లోపలికి పోయి తలుపు వేసుకునేవాడు. నవ్వించానని పొంగిపోయేవాణ్ణి గానీ, ఆ తలుపు సంగతి ఆలోచించలేదు.

పుష్యమాసంలో క్యాంపుకు పోతూ చేపల్ని నాకు అప్పగించాడు. “మేత వద్దు, నీళ్లు వద్దు. ఊరికే చూస్తా ఉండు.” మర్నాడు పొద్దున అవి పలక మీద కదలకుండా పడి ఉన్నాయి. చలికాలం తెల్లవారి మా బావినీళ్లు పొగలు కక్కుతాయి. పసిబిడ్డలకు కూడా అవే పోస్తాం. రెండు బిందెలు తోడి గుమ్మరించాను. చేపలు ఎగిరాయి. సంతోషమనుకుని చప్పట్లు కొట్టాను. మధ్యాహ్నానికి ముప్పైలో ఆరు మిగిలాయి.

“బావినీళ్లు పోసినావా?” అన్నాడు వస్తూనే.

“చలికి సచ్చిపోతాయని, పెద్దనాయనా...”

“చలికి నిదానంగా అలవాటు పడినాయిరా. ఒక్కసారిగా వెచ్చన పడితే తట్టుకోలేవు.”

మెట్టు మీద కూలబడ్డాడు. ఏదో చెప్పి నవ్వించబోయాను. చెయ్యెత్తి ఆపాడు. “ఇప్పుడేం వద్దు. ఉత్తగా కూసో.”

కూర్చున్నాను. ఎండ మా కాళ్ల మీది నుంచి జరిగి పోయింది. “మా సువార్తమ్మకు చన్నీళ్లంటే భయం” అన్నాడు. భార్య పేరు ఆయన నోట వినడం అదే మొదలు. తలుపు ఆ రోజు తెరిచే ఉంది.

వేసవికి ఆ ఆరే పిల్లలు పెట్టాయి. ఇద్దరం దోర్నాల పోయాం. ఆయన చేపపిల్లలున్న ముంతను బావినీళ్లలోకి దింపి, లోపలి నీళ్లు బయటి నీళ్లతో సమమయ్యేదాకా తాడు పట్టుకుని నిలబడ్డాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ ఏడే బదిలీ మీద పోయాడు. మళ్లీ ఉత్తరం ముక్క రాలేదు.

ఇప్పటికీ చావింటికి పోతే నాకు ముందు నోటికొచ్చేది వేళాకోళమే. దాన్ని పక్కన పెట్టి, అరుగు మీద చోటు చూసుకుని ఉత్తగా కూర్చుంటాను. మా ఇంటావిడ పోయిన రోజు అట్లా కూర్చునే మనిషి నాకు దొరకలేదు. వచ్చినవాళ్లందరూ బిందెలు బిందెలుగా ధైర్యం చెప్పిపోయారు.