ప్లేటు చివరన ఉన్న పేరు

మొన్న మధ్యాహ్నం పక్కింటి రేడియోలో నర్సవ్వ గొంతు వినబడింది. అరిగిన గ్రామఫోన్ ప్లేటు గరగర వెనుక నుంచి సన్నగా, మొండిగా లేచే మరాఠీ నాటకపు పాట. చేతిలో పిండిముద్దతోనే గోడకు చెవి ఆనించాను. పాట అయ్యాక, "గాయని పేరు తెలియదు" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. తెలియకుండా చేసిన మనిషిని నేనెరుగుదును.

నర్సవ్వ సోలాపూర్ దాజీ పేట్‌లో మా వెనకింట్లో ఉండేది. వయసులో నాటక కంపెనీతో తిరిగి, గ్రామఫోన్ ప్లేట్లకు పాడిందట. నాకు ఊహ తెలిసేనాటికి మిగిలింది ఒక్కటే ప్లేటు, దాని నడుమ పేరు రాసి అంటించిన కాగితం కూడా ఊడిపోయింది. తమ్ముడి కొడుకు రాజన్న నడిపే పవర్‌లూముల పక్క గదిలో ఏళ్ళ తరబడి పడుకుని ఆమెకు చెవులు పోయాయి. నేను వాళ్ళింటికి నూలు కండెలు చుట్టడానికి వెళ్ళేదాన్ని. మొదటి రోజు ఆమె నా పేరడిగితే గొణిగాను.

"గట్టిగ చెప్పవే పోరీ! రికార్డు చేసే భోంగా గొట్టంల మూతి పెట్టి పాడినోళ్ళం మేము. పాట అయినంక పేరు ఒర్రాలె. లేకుంటె ఎవరి పాటనో ఎవలకెర్క?"

నిజమే, ఆ ప్లేటు చివరన "నేను సోలాపూర్ నర్సూబాయిని" అని మరాఠీలో ఒక పడుచు గొంతు దర్జాగా పలికేది. వీధిలో ఎవరితోనూ మాట పెగలని నేను, ఆమెతో మాత్రం అరిచి మాట్లాడేదాన్ని. పుస్తకాలు గట్టిగా చదివించి నా పెదవులు చూస్తూ కూర్చునేది.

నాకు పదహారేళ్ళప్పుడు, పాత పాటలు సేకరించే పెద్దమనిషి పూణే నుంచి టేపురికార్డరుతో వస్తున్నాడని కబురొచ్చింది. ఆ ఉదయం నేను వెళ్ళేసరికి రాజన్న మామ గడపలో కూర్చుని ప్లేటు లోపలి అంచును మేకుతో గీకుతున్నాడు.

"ఏంది మామా గిది?"

"మనకు నూలిచ్చే సేటు పంపిన మనిషి, కాదనరాదు. పాట ఇనిపోనీ, పేరెందుకు? బిడ్డకు సంబంధం వచ్చింది. నాటకాలల్ల ఆడిన ముసల్ది మా ఇంట్లున్నదని వియ్యంకులకు ఢోల్ కొట్టాల్నా? నోరు తెరిచినవంటె రేపటి సంది పనికి రాకు."

తెరవలేదు.

ఆయన వచ్చి, ప్లేటు తిరుగుతుంటే టేపు చేసుకున్నాడు. పాట ముగిసింది. పేరు రావలసిన చోట ముల్లు టకటక ఎగిరింది. నర్సవ్వకేం వినబడుతుంది? ముల్లు లోపలి అంచుకు చేరడం చూసి, పేరు పలికిందనుకుని, కొత్త చీర కొంగు సర్దుకుని ఆయనకు చేతులు జోడించింది. ఎవరో ఇంటి పెద్దామె అనుకుని ఆయనా జోడించాడు. పాడినావిడ పేరేమిటని మామ వైపు తిరిగి మరాఠీలో అడిగాడు.

"ఎవరో నాటకాలామె. మాకేం ఎరుక?" అన్నాడు మామ, అదే మరాఠీలో, ఆమె పక్కనే నిలబడి, పెదవులు ఆమెకు కనబడకుండా మొహం తిప్పుకుని.

ఆయన వెళ్ళాక నర్సవ్వ నా చెయ్యి పట్టుకుంది. "పేరు మంచిగ ఇనబడ్డదా బిడ్డా? రాసుకున్నడా?"

తలూపాను.

ఆ సాయంత్రం డైరీలో మామను నాలుగు పేజీలు తిట్టి, డైరీని ట్రంకుపెట్టెలో దాచాను. అదీ నా పౌరుషం! ఆ ఏడే ఆమె పోయింది, తన పేరు పూణే చేరిందన్న నమ్మకంతో. మామ మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ అబద్ధానికి ఊగిన ఈ తలను ఏం చెయ్యాలి?

నిన్న రేడియో వాళ్ళకు ఉత్తరం వేశాను. పాడిందెవరో, పేరు గీకిందెవరో, చూస్తూ నిలబడిందెవరో అన్నీ రాశాను. ఈ సంగతి తెలిస్తే మామ మా ఇంటి మీదికొస్తాడని అమ్మ భయపడుతోంది. రానీ. తలుపు తీసేది నేనే.